పదకొండో నంబరు గది

మిషను నిన్న సాయంత్రం ఆగింది. ఇవాళ పొద్దున పదవుతున్నా కదల్లేదు.

టైలరమ్మకి కోపం వస్తే గిన్నెలు విసరదు, తలుపులు దడాలున వెయ్యదు. మిషను మీద గుడ్డ కప్పేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ టకటకకి అలవాటు పడ్డ ఇల్లు ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోలేదు. ఒంట్లో బాగాలేదా అని పక్కవాటా వాళ్ళు ఇప్పటికే రెండుసార్లు వచ్చి అడిగి వెళ్ళారు.

కూతురి పెళ్ళి ఇంక పన్నెండు రోజులుంది. పెళ్ళిబట్టల అంచుకి పూసలు సగంలో ఆగిపోయాయి. బల్లమీద, నీళ్ళగ్లాసు కింద, నిన్న వచ్చిన కాగితం అలాగే పడి ఉంది. పెళ్ళి జరగబోయే దీవిలో ఎవరికి ఏ గది అని, పెళ్ళి ఏర్పాట్లు చూసే ప్లానరమ్మాయి పంపిన జాబితా అది. ఇరవై రెండు గదులు, నలభై నాలుగు మంచాలు, నలభై నాలుగు పేర్లు. పదకొండో వరుసలో ‘పెళ్ళికూతురి అమ్మ, నాన్న’ అని ఉంది.

ఇంకో ఇంట్లో అయితే ఆ వరుసని ఎవరూ రెండోసారి చూడరు. ఈ ఇంట్లో నిన్నటినించి ఎవరికీ అన్నం సహించడం లేదు. పెళ్ళికూతురి అమ్మా నాన్నా ఒక కప్పు కింద పడుకుని తొమ్మిదేళ్ళయింది మరి.

విచిత్రమేమిటంటే ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ నోరు తెరిచి అనలేదు. ఆయన రెండు వీధుల అవతల తన కళ్ళద్దాల షాపు మీది గదిలో ఉంటాడు. మధ్యాహ్నం ఇంటినించి క్యారేజీ వెళుతుంది. సాయంత్రానికి ఆయనే కడిగి, తుడిచి తెచ్చి గుమ్మం పక్కన పెడతాడు. ఆదివారం వచ్చి తన కుర్చీలో కూచుని పేపరంతా చదివి, చీకటి పడకముందే వెళ్ళిపోతాడు. ఎవరైనా అడిగితే ‘షాపులో పనెక్కువ’ అంటారు. ఆ మాట అని అని అందరికీ అదే నిజంలా తయారైంది.

"ఎవరు రాశారిది?" అంది టైలరమ్మ. నిన్నటినించి ఇది నాలుగోసారి.

"నేనే," అంది పాపాయి. ఇరవై ఏడేళ్ళొచ్చి, ఆసుపత్రిలో పదిమందికి పైన హెడ్డుగా పనిచేస్తున్నా ఇంట్లో ఆమె ఇంకా పాపాయే. "ఫారం నేనే నింపాను."

"చేతులెలా వచ్చాయే నీకు?"

ఎలా వచ్చాయో పాపాయి చెప్పుకొచ్చింది. ప్లానరమ్మాయి ఆఫీసులో ఒకపక్క కాబోయే మొగుడు, ఇంకోపక్క వాళ్ళమ్మ కూచుని ఉన్నారట. ఫారంలో ‘తల్లిదండ్రులకి ఒక గదా, రెండు గదులా’ అని అడిగారట. పెళ్ళికొడుకు సర్వేయరు. అంగుళం తేడా వచ్చినా ఎందుకు వచ్చిందని అడిగే రకం. వాళ్ళమ్మ అంతకంటే ఒక ఆకు ఎక్కువ చదివింది. వాళ్ళ ఎదురుగా రెండు గదులని టిక్కు పెడితే ఏం చెప్పాలి?

"బయట మనం చెప్పేదే రాశానమ్మా. తొమ్మిదేళ్ళుగా మనం చెప్పేదే."

టైలరమ్మ కిటికీ వైపు తిరిగింది.

మంచం చివర కూచున్న మేనత్త గొంతు సవరించుకుంది. ఆవిడ అద్దాలాయనకి అక్క. ఆ ఇంట్లో చాటుగా ఆవిడ పేరు హైకోర్టు. ఆవిడ ఒకసారి చెప్పిందంటే ఇంక పైన అప్పీలుండదు. పెళ్ళి పనులకని నెల్లాళ్ళ ముందే దిగి, ఇంతవరకూ ఒక్క పనీ ముట్టుకోకుండా అన్నిటికీ తీర్పులిస్తోంది.

ఇందులో ఇంత రాద్ధాంతం ఏముందని ఆవిడ మొదలుపెట్టింది. వాడేమన్నా పరాయివాడా, ఒక్క రాత్రి ఆ మూల మంచంమీద వాడు, ఈ మూల మంచంమీద నువ్వు గోడకి తిరిగి పడుకుంటే తెల్లారిపోతుంది, రైల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళ పక్కన పడుకోమూ అంది. పైగా తనని చూడమంది. పడవంటే గుండె గుభేలుమంటుంది, అయినా మేనకోడలి కోసం నోరు మూసుకుని ఎక్కడానికి ఒప్పుకోలేదా అంది. ఆ నోరు మూసుకోవడం గురించి ఆవిడ నెల్లాళ్ళుగా రోజుకి నాలుగుసార్లు చెబుతూనే ఉంది.

"నాకు వేరే గది కావాలి," అంది టైలరమ్మ కిటికీలోకే చూస్తూ. "లేకపోతే నేను రాను."

"గదుల్లేవమ్మా. ఉన్నవే ఇరవై రెండు."

"అయితే రాను."

ఆవిడ ఆ మాట మనసులోంచి అందా? కాదు. ఆ పదకొండో వరుస చూడగానే ఆవిడ గుండె ఒక్కసారి లేచి పడింది. అది కోపం కాదు. యాభై రెండేళ్ళ వయసులో, పెళ్ళీడు కూతురి ముందు, ఆ గుండె అలా లేచి పడటమే ఆవిడకి సిగ్గయింది. ఆయన అడిగితే వేరు. జాబితాలో ఎవరో రాసి పంపితే ఆయన పక్కకి వెళ్ళి పడుకోవడమా? ఆయనకి ఇష్టమో కాదో ఎవరికి తెలుసు? తప్పదు కాబట్టి తల వంచుకుని వచ్చి, గోడకి తిరిగి పడుకుంటే? అది ఆవిడ భరించలేదు. ఆ మాట చెప్పుకోలేక ‘రాను’ అంది.

హైకోర్టుకి ఏ కబురైనా కడుపులో గంటసేపు నిలవదు. పెరట్లోకి వెళ్ళి, గొంతు తగ్గించానని తను అనుకున్న గొంతుతో తమ్ముడికి ఫోన్ చేసింది. "నీతో ఒక గదిలో అయితే మీ ఆవిడ పెళ్ళికే రానంటోందిరా" అన్నది ఇంట్లో ఇద్దరికీ వినపడింది. అటునించి ఆయన ఏమన్నాడో వినపడలేదు. బహుశా ఏమీ అని ఉండడు.

పన్నెండింటికి ప్లానరమ్మాయి పాపాయికి ఫోన్ చేసింది.

ఆ అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. అంకుల్ ఇప్పుడే స్వయంగా వచ్చారు. పదకొండో గదిలో తన పేరు కొట్టించుకుని సంతకం పెట్టారు. ఆంటీకి తోడుగా అత్తయ్యగారిని ఆ గదిలో వెయ్యమన్నారు. అత్తయ్యగారి మంచం ఫోటోగ్రాఫరుకి ఇచ్చెయ్యమన్నారు. తను ఇవతలి ఒడ్డున లాడ్జిలో దిగి పొద్దున మొదటి పడవకి వస్తానన్నారు. "కానీ మేడమ్, మొదటి పడవ ఎనిమిదింటికి. మన ముహూర్తం సూర్యోదయానికి కదా, ఆరూ పదికి. ఆ మాట కూడా చెప్పాను. పర్లేదమ్మా, ఫోటోల్లో చూసుకుంటాను అన్నారు. మీరు కూడా సరే అంటే సాయంత్రం అయిదింటికి జాబితా పంపేస్తాను. ఆ తరవాత మార్చడానికుండదు. పడవవాళ్ళు పేరు లేనివాళ్ళని ఎక్కించుకోరు."

పాపాయి ఫోన్ బల్లమీద పెట్టింది. ఆ అమ్మాయి గొంతు గదంతా వినపడింది కాబట్టి మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది.

హైకోర్టు మొదటిసారి తీర్పు ఇవ్వకుండా ఊరుకుంది.

"ఫోటోల్లో చూస్తాడట," అంది పాపాయి.

ఏడుస్తుందేమోనని తల్లి చూసింది. ఏడవలేదు. లేచి చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, ఇటు తిరక్కుండా మాట్లాడింది.

"ఆ దీవి ఎందుకు ఎంచుకున్నానో ఒక్కసారైనా అడిగావా అమ్మా? నాకు ఎనిమిదేళ్ళప్పుడు వెళ్ళాం. మనం ముగ్గురం కలిసి ఎక్కడికైనా వెళ్ళింది అదొక్కసారే. పొద్దున్నే మెలకువొస్తే గదిలో మీరిద్దరూ లేరు. భయమేసి కిటికీ ఎక్కి చూశాను. రాళ్ళమీద కూచున్నారు. ఒకే దుప్పటి కప్పుకున్నారు. నాన్న ఏదో అన్నాడు, నువ్వు నవ్వావు. నువ్వు అలా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు. ఆ గది నంబరు పదకొండు. అడిగి మరీ తీసుకున్నాను."

తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

* * *

ఆ గది నంబరు తల్లికి గుర్తు లేదనుకుంది పిచ్చిపిల్ల. నిన్న ఆ కాగితం చూడగానే మొదట గుర్తొచ్చిందే అది. తలుపుమీద ఒకట్లు రెండూ తుప్పు పట్టి ఉండేవి. రాళ్ళమీద ఆయన అన్న మాట కూడా గుర్తుంది. సూర్యుడు సగం పైకొచ్చాక కళ్ళద్దాలు తీసి ఆమె చేతికిచ్చి, "ఇంక నాకేమీ కనబడదు, నువ్వు చూసి చెప్పు" అన్నాడు. అందులో అంత నవ్వాల్సింది ఏముందో ఇప్పుడు చెప్పలేదు. అప్పుడు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది.

మరి ఎక్కడ చెడింది?

పెద్ద కారణమేదైనా ఉంటే బాగుండేది. పదిమందికీ చెప్పుకోవచ్చు. తొమ్మిదేళ్ళ కిందట ఆమెకి వేరే ఊళ్ళో కటింగ్ నేర్పే స్కూల్లో టీచరుగా పిలుపొచ్చింది. ఏడాదిపాటు. వెళ్ళనా అని అడిగితే ఆయన ఒక లెన్సు తుడుస్తూ, తల ఎత్తకుండా, "వెళ్ళు, ఎవరు ఆపారు" అన్నాడు. ఆయన అనుమతి ఇచ్చాననుకున్నాడు. ఆమె తనంటే లెక్కలేదనుకుంది. వెళ్ళలేదు. వెళ్ళనందుకు లోపల కుతకుత ఉడికింది. వారం రోజులు ముభావంగా ఉండి, ఒకరోజు ఆయన ఏదో పలకరిస్తే విసుక్కుంది. "మీరు పక్కన ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు."

కోపంలో పెళ్ళాం అన్న మాటకి మొగుళ్ళు ఏం చేస్తారు? తిరిగి ఓ మాట అంటారు. లేదా అటు తిరిగి పడుకుంటారు. ఈ మహానుభావుడు దిండు చంకలో పెట్టుకుని షాపు మీది గదికి వెళ్ళాడు. పాపం, ఆమె నిద్రపోవాలని.

అంతే. ఆమె రమ్మనలేదు. ఆయన వస్తాననలేదు. ఒక రోజు రెండయింది, నెలయింది, తొమ్మిదేళ్ళయింది.

టైలరమ్మ మిషను మీది గుడ్డ తీసింది. పెళ్ళిబట్టల అంచు ఒళ్ళోకి తీసుకుని, సూదిలో దారం ఎక్కించబోయింది. దారం సూది పక్కనించి పోతోంది. మళ్ళీ చేసింది. మళ్ళీ పక్కనించే పోయింది. నిన్న కుట్టిన పూసలు వెలుగులో పెట్టి చూస్తే వరుస వంకరగా ఉంది. ముప్ఫై ఏళ్ళలో ఆమె చేతికింద వరుస వంకరపోవడం ఇదే మొదటిసారి.

హైకోర్టు ఇదంతా చూస్తూనే ఉంది. "అద్దాలు మార్పించుకోవే," అంది మెల్లగా. ఆవిడ గొంతు అంత మెల్లగా ఉంటుందని ఎవరికీ తెలియదు.

గడియారం నాలుగు కొట్టింది.

* * *

షాపులో ఆ వేళప్పుడు ఎవరూ లేరు. అద్దాలాయన ఒక ఫ్రేము కాడని వేడిగాలి గొట్టం దగ్గర పెట్టి మెల్లగా వంచుతున్నాడు. గుమ్మంలో ఆమెని చూసి అలాగే నిలబడిపోయాడు. కాడ వంగాల్సినదానికంటే ఎక్కువ వంగిపోయింది.

"పూసలు కనబడటం లేదు," అంది.

"కూచో."

ఏడాదికి ఒకసారి ఆమె ఆ కుర్చీలో కూచుంటుంది. పెళ్ళయిన కొత్తలో పెట్టుకున్న అలవాటు అది. ఇంట్లోంచి ఆయన వెళ్ళిపోయినా ఆ అలవాటు మాత్రం పోలేదు. ఊళ్ళో వేరే కళ్ళద్దాల షాపులు లేక కాదు. వెలుగులు, అద్దాల గోడలు పెట్టుకుని ఆరు షాపులున్నాయి. ఆమెకి మాత్రం ఏడాదిలో మిగతా రోజులన్నీ ఒక ఎత్తు, ఆ పావుగంట ఒక ఎత్తు. ఈసారి రెండు నెలలు ముందే వచ్చింది. ఆ సంగతి ఆయన గమనించాడు కానీ పైకి అనలేదు.

గుండ్రటి బరువైన ఫ్రేము తెచ్చి ఆమె మొహానికి పెట్టాడు. అది పరీక్షకి వాడే ఫ్రేము. గాడిలో ఒక్కో బిళ్ళా దించి చూసుకుంటూ పోతారు. కాడలు చెవుల వెనక సర్దుతుంటే ఆయన వేళ్ళు వెంట్రుకలకి తగిలాయి. వేళ్ళు చల్లగా ఉన్నాయి. లెన్సులు తుడిచే సబ్బు వాసన వేసింది. బిళ్ళ సరిగ్గా కూచుందో లేదోనని వంగి చూశాడు. జానెడు దూరంలో ఆయన మొహం. కనుబొమల్లో తెల్లవెంట్రుకలు పోయినేడు మూడుండేవి, ఇప్పుడు లెక్కపెట్టడానికి వీల్లేదు. పెళ్ళయిన కొత్తలో కూడా, ఈ కుర్చీలో తప్ప, ఆవిడ ఆయన్ని అంత దగ్గరగా, అంత సేపు, పట్టపగలు చూసి ఎరగదు. ఆయన చూసేది కంటిపాపనే అయినా, తననే చూస్తున్నాడని అనుకున్నా ఎవరికీ చెప్పక్కర్లేదు కదా.

ఎడమకంటి మీద నల్లబిళ్ళ వేశాడు. ఎదురుగా గోడమీద అక్షరాలు.

"ఇలా బాగుందా, ఇలానా?"

"ముందుదే."

"ఇప్పుడు?"

"కింద వరుస అలుక్కుపోయింది."

బిళ్ళ మార్చాడు. అలుక్కుపోయిన వరుస తేటపడింది. అక్షరాలు చదువుతూనే ఉంది కానీ ఆమె చూపు పక్కనున్న గడియారం మీదికి పోతోంది. నాలుగూ ఇరవై అయిదు. ఏం చెప్పడానికి వచ్చిందో ఆ మాట ఇంకా చెప్పలేదు. పొద్దున ‘రాను’ అన్న మాట ఎంత సులువుగా వచ్చింది!

ఆయన ముందుగా అన్నాడు. పేరు కొట్టించేశానని, ఇంక దిగులు పెట్టుకోవద్దని, అక్క గురక పెడుతుంది కాబట్టి చెవుల్లో దూది పెట్టుకోమని చెప్పాడు. దీవికి వెళ్ళేది తను కాదన్నట్టు, ఎవరో బంధువులని సాగనంపుతున్నట్టు చెప్పాడు.

"పిల్ల ఇల్లొదిలి వెళ్ళింది," అంది ఆమె. "పొద్దున్నించి అన్నం తినలేదు."

ఆయన బిళ్ళల పెట్టె మూసేశాడు. "నేను రాకపోతే నువ్వైనా ఉంటావు కదా. ఇద్దరిలో ఒకరు తప్పదన్నప్పుడు అమ్మ ఉండాలి. నేను అలా అనుకున్నాను."

ఇద్దరిలో ఒకరు తప్పదని ఎవరన్నారని అడగబోయింది. అన్నది తనే.

ఆయన బల్ల సొరుగులోంచి ఆమె కార్డు తీశాడు. షాపుకొచ్చే ప్రతివాళ్ళకీ ఒక కార్డుంటుంది. పరీక్ష అయ్యాక నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకోవడం ఆయన పద్ధతి. నిద్ర సరిగ్గా లేనివాళ్ళకి చూపు ఆ రోజు ఒకలా, మర్నాడు ఒకలా ఉంటుందని, ఆ ప్రశ్న అడక్కుండా ఎవరికీ అద్దాలు చెయ్యడు.

"తలనొప్పి?"

"లేదు."

"కళ్ళు మంటలు?"

"కొంచెం."

"నిద్ర?"

అడిగేటప్పుడు ఆయన తల ఎత్తడు. ఎప్పుడూ అంతే. ఆమె ఆ ఒంటికంటితో కార్డు వైపు చూసింది. కొత్త బిళ్ళలోంచి ఆయన చేతిరాత ఎన్నాళ్ళకో స్పష్టంగా కనపడింది. ఆయన షాపు మీదికి మారినప్పటినించీ, ఒకదాని కింద ఒకటి తొమ్మిది వరుసలు. ప్రతి వరుస చివరా ‘నిద్ర బాగుంది’ అని ఉంది. ‘నిద్ర బాగుంది’. ‘నిద్ర బాగుంది’. ఏటా తను చెప్పిందే. షాపులో కూచుని పరువు పోగొట్టుకోవడం ఎందుకని, ఎవరో పరాయి డాక్టరుకి చెప్పినట్టు, ఏటా ఠక్కున చెప్పిందే.

"పట్టడం లేదు," అంది.

ఆయన తల ఎత్తాడు.

"ఎన్నాళ్ళనించి?"

"తొమ్మిదేళ్ళనించి."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆయన కలం పక్కన పెట్టాడు. కార్డు తీసి, తొమ్మిది వరుసలూ పైనించి కిందికి చదివాడు. చదవడం అయ్యాక మళ్ళీ చదివాడు.

"ఏటా నువ్వే చెప్పావు, బాగా పడుతోందని," అన్నాడు. "పోన్లే, నేను ఇక్కడున్నందుకు నీకా మేలైనా జరిగిందనుకున్నాను. ప్రతి ఏడూ ఇది రాసుకుని, ఇంకో ఏడు ఉండగలననుకునేవాణ్ణి."

ఆమెకి ఆ కుర్చీలోనే ఏడుపొచ్చింది. ఫ్రేము బరువుకి కళ్ళు తుడుచుకోవడానికి కూడా వీల్లేకపోయింది. ఆ నల్లబిళ్ళ కిందనించి, ఈ గాజుబిళ్ళ కిందనించి నీళ్ళు కారిపోయాయి. ఎన్ని రాత్రులు! రెండు వీధులు. పావుమైలు కూడా లేదు. నడిస్తే ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలు నడవలేక తొమ్మిదేళ్ళు పోయాయి.

"అయిదింటిదాకా టైముందట," అంది.

ఆయన గడియారం చూశాడు. అయిదుకి ఇరవై.

* * *

షాపు ఆ వేళకి మూసి ఉండటం ఆ వీధిలో ఎవరూ ఇంతకుముందెప్పుడూ చూడలేదు. మందుల షాపాయన కౌంటరు వదిలి బయటికొచ్చాడు. ఇస్త్రీ ఆయన పెట్టె పైకెత్తి పట్టుకుని చూశాడు. చూడరూ మరి? మోచేతిదాకా చొక్కా మడిచి, చేతిలో తాళాల గుత్తి ఊపుకుంటూ, పరుగూ కాక నడకా కాక అద్దాలాయన. ఆయన పక్కన ఒక కన్నుకి నల్లబిళ్ళ, ఒక కన్నుకి గాజుబిళ్ళ పెట్టుకుని టైలరమ్మ.

ఫ్రేము తియ్యాలని ఇద్దరికీ తోచలేదు. సగం వీధి దాటాక ఆమెకి తోచింది. కానీ అప్పటికి, ఒంటికంటితో రోడ్డు ఎత్తుపల్లాలు తెలియక, ఆయన మోచెయ్యి పట్టుకుని ఉంది. ఫ్రేము తీస్తే చెయ్యి కూడా తియ్యాలి. తియ్యలేదు.

ప్లానరమ్మాయి ఆఫీసు బ్యాంకు పైన రెండో అంతస్తులో ఉంది. మెట్లు ఇరుకు. ఆయన ఒక్కో మెట్టూ చెబుతూ ఎక్కించాడు. మొదటి మలుపు దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఆగారు.

"ఆరోజు నేను నేరుగా షాపుకి పోలేదు," అన్నాడు గోడవైపు చూస్తూ. "మన మెట్లమీద కూచున్నాను. దిండు ఒళ్ళో పెట్టుకుని. పిలుస్తావేమోనని."

"నేను తలుపు గడియ వెయ్యలేదు," అంది ఆమె. "తెల్లారేదాకా."

ఇంకేం అనగలరు? ఒక గుమ్మానికి అటొకరు, ఇటొకరు. తలుపు ఊరికే దగ్గరగా వేసి ఉంది. వేలితో తోస్తే తెరుచుకునేది.

"పద," అన్నాడు. "పది నిమిషాలుంది."

రెండో అంతస్తులో ఆఫీసు తలుపుకి పైసగం గాజు. లోపల లైట్లు వెలుగుతున్నాయి. గోడనిండా ఎవరెవరి పెళ్ళిఫోటోలో. ప్లానరమ్మాయి బల్లకి ఇవతల, వీళ్ళకి వీపు చేసి, పాపాయి కూచుని ఉంది. కాళ్ళకి మధ్యాహ్నం ఇంట్లోంచి వేసుకెళ్ళిన చెప్పులే. తలుపు సందులోంచి గొంతు స్పష్టంగా వస్తోంది.

"మా కాబోయే అత్తగారింటికి వెళ్ళే వస్తున్నాను. ఆయనకీ, వాళ్ళమ్మగారికీ చెప్పేశాను. మా అమ్మా నాన్నా కలిసి ఉండరని, తొమ్మిదేళ్ళుగా మేము అందరికీ అబద్ధం చెప్పామని. పదకొండో గది నేను కావాలనే రాశాను. ఒక గదిలో పడేస్తే మళ్ళీ ఎప్పటిలా అయిపోతారనుకున్నాను, చిన్నపిల్లలా. వాళ్ళని ఇంక ఇబ్బంది పెట్టలేను. నాన్న లేకుండా ఆ సూర్యోదయమూ నాకొద్దు. దీవి రద్దు చేసెయ్యండి. ఇక్కడే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టుకుంటాం. అమ్మ ఒక పక్కనా, నాన్న ఒక పక్కనా నిలబడితే చాలు."

ప్లానరమ్మాయి చాలా నెమ్మదిగా చెప్పింది. ఒకసారి వదులుకుంటే ఆ దీవి మళ్ళీ రెండేళ్ళదాకా దొరకదని, ఆ తారీఖు కోసం ఇంకా ఇద్దరు కాచుకుని ఉన్నారని, ఇంటికెళ్ళి అమ్మగారితో ఒక్కసారి మాట్లాడి రమ్మని చెప్పింది.

"మా అమ్మ మాట్లాడదండీ," అంది పాపాయి. "మా నాన్న అసలే మాట్లాడడు. సంతకం ఎక్కడ పెట్టాలి?"

తలుపు ఇవతల టైలరమ్మ చెయ్యి ఆయన మోచేతిమీద బిగిసింది. గాజుబిళ్ళలోంచి అంతా తేటగా కనపడుతోంది. కూతురి జడ, బల్లమీద కాగితం, కాగితం మీదికి ప్లానరమ్మాయి జరిపిన వేలు.

తలుపుకి గడియ లేదు. ఊరికే దగ్గరగా వేసి ఉంది.

ఆమె తోస్తుందని ఆయన ఆగాడు. ఆయన తోస్తాడని ఆమె ఆగింది.

లోపల పాపాయి కలం మూత తీసింది.